కట్ట మీది చెట్లు

అమెరికాలో ప్రభుత్వ లెక్కకెక్కిన ఆనకట్టలు 90 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో సగానికి మించి ప్రైవేటు యాజమాన్యంలోనివే. ఏ పని కోసం కట్టారని విడదీసి చూస్తే సాగునీటినీ కరెంటునీ దాటి విహారమే ముందుంటుంది: పడవ వేసుకోవడానికి, చేపలు పట్టుకోవడానికి, పెరటి కిటికీలోంచి నీళ్లు కనబడటానికి. చాలా భాగం మన ఊరి చెరువుకట్ట లాంటి మట్టికట్టలు. అట్లాంటా చుట్టుపక్కల సరస్సు పక్క కాలనీలో ఇల్లు కొన్నవాళ్లకు, వాళ్లలో తెలుగువాళ్లకూ, ఇంటితో పాటు ఆ కట్టలో వాటా కూడా వస్తుంది. సరస్సు ఇళ్ల యజమానుల సంఘానిదైతే కట్ట కూడా ఆ సంఘానిదే కదా. సరస్సు సంగతి అందరికీ గుర్తుంటుంది, కట్ట సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ సంవాదం దాని గురించే.

మాట్లాడేది ఇద్దరు. ఒకరు అలాంటి సంఘంలో సభ్యుడు; సరస్సంటే ప్రాణం, ఖర్చంటే వెనకాడతాడు. రెండో ఆయన మన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన అతని మేనమామ. ఇద్దరూ కల్పితులే, వాళ్ల వాదాలు మాత్రం ఇలాంటి ప్రతి కట్ట దగ్గరా వినపడేవి. మధ్యలో ఒకచోట నేనూ కలగజేసుకుంటాను. నేను మామయ్య పక్షమే. అయితే అల్లుడి అభ్యంతరాలు తేలిగ్గా తీసిపారేసేవి కావు, అందుకే వాటిని పూర్తిగా చెప్పనిచ్చాను.

అల్లుడు: ఇలాంటి కట్టలను తనిఖీ చేసే ఇంజినీర్లు మొట్టమొదట రాసేది ఒకటే, మామయ్యా: కట్ట మీది చెట్లు తీసేయండి. ముప్పై నలభై ఏళ్ల ఓక్ చెట్లు, పైన్ చెట్లు అవి. వాటి నీడలోనే జనం పొద్దునా సాయంత్రం నడుస్తారు. వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయని చిన్నప్పుడు బడిలో మీలాంటివాళ్లే చెప్పారు. కొండవాలు జారిపోకుండా చెట్లు నాటమని చెప్పి, కట్ట వాలు జారిపోకుండా అవే చెట్లు కొట్టమంటే ఎలా నమ్మేది? పైగా ఆ పనికయ్యే ఖర్చు వింటే కళ్లు తిరుగుతాయి. చెట్టు కొట్టడంతో సరిపోదట, మొద్దు తవ్వాలి, వేళ్లు తీయాలి, మళ్లీ మట్టి పోసి గట్టిపరచాలి. చెక్కుచెదరకుండా నిలబడ్డ కట్టను మేమే తవ్వి పాడు చేసుకోవడం కాదా ఇది?

మామయ్య: కొండ వెనకాల ఏడాది పొడుగునా నీళ్లు నిలబడి ఉండవు, నాయనా. తేడా అక్కడుంది. ఎంత బాగా దిమ్మిస కొట్టిన మట్టిలోనైనా నీరు సన్నగా ఇంకుతూనే ఉంటుంది. లోపల ఎంత ఎక్కువ దూరం నడిస్తే దాని ఒత్తిడి అంత తగ్గి, దిగువన నిదానంగా, మట్టిని కదపకుండా బయటికి వస్తుంది. వేరు లోపలికి దిగిన కొద్దీ ఆ దూరం తరుగుతుంది. బతికున్న వేరుతో ఒక బాధ, చచ్చిన వేరుతో మరో బాధ. కుళ్లిన వేరును ఎప్పుడైనా చేత్తో లాగి చూడు: లోపలి కర్ర పొడిపొడిగా రాలిపోతుంది, బెరడు మాత్రం గొట్టంలా చేతికొస్తుంది. అదే కట్ట లోపల ఉంటే నీటికి తయారుగా ఉన్న దారి. గాలివానకు పెద్ద చెట్టు కూలిందంటే వేళ్లతో పాటు బండెడు మట్టిని పెకలించుకుని పడుతుంది. అలా పడేది కూడా సరస్సు నిండుగా ఉండి, నేలంతా నాని ఉన్న రాత్రే. వీటన్నిటికీ తోడు, చెట్టు నీడన గడ్డి పెరగదు. గడ్డి లేని వాలు మీద ప్రతి వానకూ చాళ్లు పడతాయి. పొదల మాటున జంతువులు బొరియలు తవ్వుకుంటాయి, ఊట మొదలైనా మనిషి కంటికి కనపడదు. నువ్వన్న దాంట్లో ఒక నిజం ఉంది. చెట్లను తొందరపడి కొట్టేసి మొద్దులు అలాగే వదిలేస్తే మరింత కీడు. పదేళ్లలో కట్ట నిండా కుళ్లిన వేళ్లే. అందుకే ఆ పని నీటిమట్టం దించి, తెలిసిన ఇంజినీరు దగ్గరుండి చేయించాలి. ఖర్చు ఎక్కువే. మొక్క మోకాలి ఎత్తున ఉన్నప్పుడు కొడవలితో పోయే పనిని ముప్పై ఏళ్లు వాయిదా వేసినందుకు అంతైంది.

అల్లుడు: మీరు చెప్పేవన్నీ పెద్ద జలాశయాల భయాలు. మావి ముప్పై నలభై అడుగుల కట్టలు. మీ లెక్కలో చెప్పాలంటే అందులో నిలిచే నీరు టీఎంసీలో మూడో నాలుగో వంతు కూడా కాదు, వందో వంతుల్లో ఉంటుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయినప్పుడు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, నిజమే. అది నది. అక్కడికి వచ్చిన వరద లక్షల క్యూసెక్కులు. మాది చిన్న వాగుకు అడ్డంగా వేసిన కట్ట. యాభై ఏళ్లుగా నిలబడి ఉంది, ఎన్నో తుపాన్లు చూసింది. ఇన్నేళ్లు నిలిచినదానికి ఆ నిలవడమే సాక్ష్యం కాదా?

మామయ్య: నువ్వుంటున్న జార్జియాలోనే జరిగిన సంగతి చెబుతాను. రాష్ట్రం ఈశాన్యాన టొకోవా అనే ఊరి దగ్గర కెల్లీ బార్న్స్ డ్యామ్ ఉండేది. 1899లో రాళ్లు, దుంగలతో పేర్చిన చిన్న అడ్డుకట్ట మీద తరవాతి కాలంలో మట్టి పోసి పెంచుకుంటూ వచ్చారు. ఎత్తు సుమారు 38 అడుగులు, పొడవు 400 అడుగులు. కింద ఉన్న బైబిల్ కాలేజీకి కరెంటు కోసం పెంచిన కట్ట అది. 1957లో కరెంటు తీయడం మానేశారు. ఆ తరవాత ఇరవై ఏళ్లు అది ఉత్త విహార సరస్సు. 1977 నవంబరు 6, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో, నాలుగైదు రోజుల వానల తరవాత తెగింది. అప్పుడు అందులో ఉన్న నీరు సుమారు 630 ఎకరపు అడుగులు. మన లెక్కలోకి మారిస్తే 0.027 టీఎంసీ. ఆ కాస్త నీరే గండిలోంచి ఒక్కసారిగా పడినప్పుడు దిగువన వచ్చిన వరదను 24 వేల క్యూసెక్కులకు లెక్కగట్టారు. 186 అడుగుల జలపాతం మీంచి దూకి కాలేజీ ఆవరణలో నిద్రపోతున్నవాళ్ల మీద పడింది. 39 మంది పోయారు. అందులో సగం మంది పిల్లలు. నీరు ఎంత ఉందన్న దానికంటే ఎంత సేపట్లో ఖాళీ అయిందన్నదే మనుషుల ప్రాణాలు తీస్తుంది, అల్లుడూ.

యాభై ఏళ్లు నిలిచిందన్న సాక్ష్యం సంగతి చూద్దాం. కెల్లీ బార్న్స్ కట్ట దిగువ వాలు చాలాచోట్ల ఒకటికి ఒకటి, అంటే అడుగు ఎత్తుకు అడుగే అడ్డం. మట్టికట్టకు మామూలుగా ఒకటికి రెండో, ఇంకా ఎక్కువో ఇస్తాం. తెగడానికి నాలుగేళ్ల ముందు, 1973లో తీసిన ఫొటో ఒకటి విచారణలో బయటపడింది. దిగువ వాలులో 12 అడుగుల ఎత్తున, 30 అడుగుల వెడల్పున మట్టి జారిపోయి అందులో కనిపిస్తుంది. కట్ట తన కష్టం తాను చెప్పుకున్నట్టే ఉంది ఆ ఫొటో. విచారణ బృందం ఒక్క కారణాన్ని తేల్చి చెప్పలేదు. నిటారు వాలు నాని జారడం, అలుగు గొట్టం వెంబడి బుంగ పడటం, కట్ట పైభాగం ఒకచోట తెగడం, ఇలాంటివి కలిసి వచ్చి ఉంటాయంది. మట్టికట్టల చావు ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ప్రపంచంలో కూలిన పెద్ద మట్టి డ్యాములను లెక్కతీస్తే సుమారు సగం కట్ట మీదుగా నీరు పొర్లి పోయినవి, మిగతా సగంలో చాలా భాగం లోపలి మట్టి కొట్టుకుపోయి బుంగ పడినవి. ఒక్క రోజు వానకు పొర్లడం నీ కంటికి కనిపిస్తుంది. బుంగకు మాత్రం ఏళ్లు పడుతుంది. ఏళ్ల తరబడి లోపల నడుస్తున్న పనికి, నిలబడి ఉందన్న మాట సాక్ష్యం ఎలా అవుతుంది? కట్ట లోపల వేసే ముడతల ఇనుప గొట్టం తుప్పు పట్టి చిల్లులు పడేది కూడా నువ్వు గొప్పగా చెప్పే ఆ యాభై ఏళ్లలోపే.

రచయిత: ఇక్కడ నేనొక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ వాదానికి ఆయువుపట్టు ఇదే. కెల్లీ బార్న్స్ కథలో నన్ను ఆపేసేది 1957వ సంవత్సరం. కరెంటు కావలసినంత కాలం ఆ నీటి మీద ఎవరికో రోజూ పని ఉంది. గొట్టాలు చూడాలి, మట్టం చూడాలి. పని పోయాక నీరు మిగిలింది, చూసే మనిషి పోయాడు. తెలుగునాట చెరువుకు నీరటి ఉండేవాడు, రాయలసీమలో నీరుగంటి అంటారు. తూము ఎత్తడం, దించడం, కట్ట వెంట తిరగడం, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే ఊళ్లో చెప్పడం అతని పని. ఆయకట్టు రైతులు పంట మీద అతనికి గింజలు కొలిచేవారు. అంటే పొలంలో వడ్లు పండినంత కాలం కట్టకు కాపలా ఉండేది. ఆయకట్టు ప్లాట్లయిన చోట ఆ గింజలూ లేవు, ఆ మనిషీ లేడు. చెరువు మాత్రం చూడచక్కని నీటిమడుగుగా మిగిలింది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ అంచున అప్ప చెరువు తెగి గగన్‌పహాడ్ దగ్గర బెంగళూరు హైవే కొట్టుకుపోయింది. బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి కింది కాలనీలు మునిగాయి. విహారానికి మిగిలిన కట్ట ప్రమాదం దాని ఎత్తులో కంటే ఈ ఖాళీ అయిన ఉద్యోగంలో ఎక్కువ ఉంది. నీటి అందం అందరికీ దక్కుతుంది. కట్ట మీద తిరిగే పని ఎవరికీ అప్పజెప్పి ఉండదు.

మామయ్య: దీనికి ఇంకా పాత ఉదాహరణ ఉంది. పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్. 72 అడుగుల మట్టికట్ట. పడవల కాలువకు నీళ్లివ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం 1853లో పూర్తి చేసింది. ఈలోపే రైలు వచ్చింది, కాలువతో పని లేకపోయింది, కట్ట చేతులు మారింది. మధ్యలో కొన్న యజమాని ఒకాయన అడుగున ఉన్న అయిదు ఇనుప తూము గొట్టాలను తీయించి తుక్కు కింద అమ్మేశాడు. 1879లో పిట్స్‌బర్గ్ ధనవంతుల చేపల వేట క్లబ్బు దాన్ని కొంది. కార్నెగీ, ఫ్రిక్, మెలన్ అందులో సభ్యులు. బగ్గీలు ఎదురెదురుగా పోవడానికి కట్ట తలను రెండు మూడడుగులు దించి వెడల్పు చేశారు. కొనితెచ్చి వదిలిన చేపలు పోకుండా అలుగుకు అడ్డంగా ఇనుప తెరలు బిగించారు. తూము మళ్లీ పెట్టలేదు. 1880లో దిగువ జాన్స్‌టౌన్ ఇనుప కంపెనీ తన ఇంజినీరును పంపి చూపించింది. నీరు దించే దారి లేదని, మరమ్మతు సరిగా లేదని ఆయన రాశాడు. కంపెనీ అధిపతి డేనియల్ మోరెల్ ఖర్చులో వాటా ఇస్తానని కూడా ముందుకొచ్చాడు. మీకేమీ ప్రమాదం లేదని క్లబ్బు జవాబిచ్చింది. 1889 మే 31 మధ్యాహ్నం కట్ట తెగింది. 14 మైళ్ల దిగువనున్న జాన్స్‌టౌన్‌కు సుమారు గంటలో నీరు చేరింది. 2,209 మంది చనిపోయారు.

అల్లుడు: ఆ కథ నేనూ చదివాను మామయ్యా, మీరు సగమే చెప్పారు. అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం విచారణ చేసి 1891లో నివేదిక బయటపెట్టింది. కట్టను మొదట కట్టినట్టే ఉంచినా ఆ వానకు పొర్లి తెగేదేనని అందులో ఉంది. మరి క్లబ్బువాళ్లను నిందించి ఏం లాభం? దేవుడు కురిపించిన వానకు మనిషినెందుకు బాధ్యుణ్ణి చేయాలి? కోర్టులు కూడా క్లబ్బు నుంచి పైసా ఇప్పించలేదు కదా.

మామయ్య: ఆ నివేదికను సవాలు చేస్తూ 2016లో పెన్సిల్వేనియా శాస్త్రవేత్తలు కొత్త లెక్కలు ప్రచురించారు. లోయ కొలతలు కొత్తగా తీసుకుని, పాత కట్టకు ఎంత నీరు వదిలే శక్తి ఉండేదో చూశారు. తల దించడంతో అలుగు శక్తి బాగా తగ్గింది. మొదటి నమూనాలో ఉన్న రెండో అలుగు కూడా పనికిరాకుండా పోయింది. తల దించకుండా, తూములు ఉంచుకుని ఉంటే ఆ వానను కట్ట తట్టుకునేదని వాళ్లు తేల్చారు. పోనీ, పాత నివేదికే నిజమనుకుందాం. అప్పుడు కూడా తూము ఉండి ఉంటే ఆ పూట తిప్పడానికి చేతికి ఒక చక్రమైనా ఉండేది. ఆ రోజు కూలీలు కట్ట తల మీద మట్టి తవ్వి పోస్తూ, పక్కన కొత్త కాలువ తవ్వబోతూ, చెత్త పట్టిన చేపల తెరలు తీయడానికి పెనుగులాడారు. నీళ్లు పైకొచ్చాక చేయగలిగింది అంతే. వాన దేవుడిదే కావచ్చు. గొట్టాలు అమ్మింది మనుషులే, తెర బిగించింది మనుషులే.

అల్లుడు: అయితే అసలైన అన్యాయం చెబుతాను వినండి. చాలా కట్టలు వేసినప్పుడు కింద ఒక్క ఇల్లు లేదు, పొలాలూ అడవీ తప్ప. జార్జియా చట్టం ప్రకారం తెగితే ప్రాణాలు పోతాయనుకున్న కట్ట మొదటి తరగతి, లేకపోతే రెండో తరగతి. తనిఖీలు, మరమ్మతు ఆదేశాలు అన్నీ మొదటి తరగతికే. ఎవరో బిల్డరు వచ్చి కింద ఇళ్లు వేసి అమ్ముకుని పోతాడు. తెల్లారేసరికి మా కట్ట మొదటి తరగతి అవుతుంది. కట్టలో ఒక్క గంప మట్టి మారలేదు. అలుగు పెంచాల్సింది మేము, డబ్బులు కట్టాల్సింది మేము. ముందు వచ్చిన నీటికి తరవాత వచ్చిన ఇల్లు ఎలా హక్కుదారు అవుతుంది? ఆ ఇళ్లకు అనుమతి ఇచ్చినవాళ్లను ఎందుకు అడగరు?

మామయ్య: వాళ్లనూ అడగాలి. ముంపు పటం చూడకుండా ఇళ్లకు అనుమతి ఇవ్వడం తప్పే. ఖర్చులో వాళ్లు కొంత మోయాలన్నా నేను కాదనను. అయినా నీ ప్రశ్నకు చాలా కాలం కిందటే జవాబు వచ్చింది. ఇంగ్లండులో లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని 1860లో చిన్న జలాశయం తవ్వించాడు. నిండగానే అడుగునున్న పాత గని గోతుల్లోంచి నీరు పక్కవాడి గనిలోకి పోయింది. తన సొంత లాభం కోసం, తన నేల మీద ప్రమాదకరమైనదాన్ని తెచ్చి నిలబెట్టుకున్నవాడు, అది తప్పించుకుపోతే జరిగిన నష్టం తానే భరించాలని 1868లో ప్రభువుల సభ తీర్పిచ్చింది. అమెరికా కోర్టులు మొదట ఆ సూత్రానికి దూరంగానే ఉన్నాయి. జాన్స్‌టౌన్ తరవాత చాలా రాష్ట్రాలు అటు మొగ్గాయి. మనవైపు దీనికి ఒక మెలిక ఉంది. ఇప్పటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు మార్గం కొట్టుకుపోతే మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. 1874లో ప్రివీ కౌన్సిల్ జమీందారునే గెలిపించింది. కారణం చూడు: ఆ చెరువులు ఆయన సరదాకు పెట్టుకున్నవి కావు, తరతరాలుగా వస్తున్నవి, దేశపు సేద్యానికి తప్పనివి, వాటిని తీసేసే హక్కు ఆయనకు లేదు, కాపాడే బాధ్యత మాత్రం ఉంది. అశ్రద్ధ చేశాడని రుజువైతే తప్ప నష్టపరిహారం లేదన్నారు. పంట కోసం నిలిపిన నీటికి దొరికిన ఆ మినహాయింపు పడవ షికారుకు నిలిపిన నీటికి దొరుకుతుందా? మీరు కావాలనుకుంటే రేపే సరస్సును ఖాళీ చేసుకోవచ్చు. ఉంచుకోవడం మీ ఇష్టం కాబట్టే బాధ్యత మీది.

అల్లుడు: ఇంత చట్టం, ఇంత శాస్త్రం ఉన్నప్పుడు ప్రభుత్వమే చూసుకోవచ్చుగా!

మామయ్య: కెల్లీ బార్న్స్ తెగే నాటికి జాతీయ తనిఖీ చట్టం వచ్చి అయిదేళ్లయింది. ఖర్చు పెట్టలేదు, ప్రైవేటు కట్టల తనిఖీ సాగలేదు. జార్జియాకు సొంత చట్టమే లేదు. తెగిన కొద్ది వారాలకు అధ్యక్షుడు కార్టర్, ఆయనదీ జార్జియానే, దేశమంతటా దిగువన జనం ఉన్న ప్రైవేటు కట్టలు చూడమని సైన్యం ఇంజినీర్లకు ఆదేశమిచ్చాడు. 1981 వరకు సుమారు 8,800 కట్టలు చూశారు. దాదాపు మూడో వంతు క్షేమం కాదని తేలింది. జార్జియా 1978లో చట్టం చేసుకుంది. మన 2021 డ్యామ్ భద్రతా చట్టం కూడా పదిహేను మీటర్లకు మించినవాటిని, పది నుంచి పదిహేను మీటర్ల మధ్య కొన్ని షరతులకు లోబడినవాటిని మాత్రమే పట్టించుకుంటుంది. ఊరి చెరువుకట్టల్లో చాలా భాగం దాని గీతకు ఇవతలే ఉంటాయి. ఎక్కడైనా ప్రభుత్వ తనిఖీ ఎప్పుడో ఒకసారి. బుంగ ఆ క్యాలెండరు చూసుకుని పడదు. 2015 అక్టోబరులో సౌత్ కరోలినాలో ఒకే వానకు పదుల కొద్దీ చిన్న కట్టలు తెగాయి. ఒక వాగు మీద వరసగా ఉన్న కాలనీ సరస్సుల్లో పైది తెగి కిందిదాన్ని ముంచింది. మీ పైన ఇంకో సరస్సు ఉందా, దాని కట్ట ఎవరిది, అది మీకు తెలిసి ఉండాలి కదా.

అల్లుడు: డబ్బు లేని సంఘం ఏం చేయాలో చెప్పండి. సరస్సు పోతే ఇళ్ల ధరలు పడతాయి. జనం ఒప్పుకోరు.

మామయ్య: ముందు డబ్బు పెద్దగా అక్కర్లేనివి. తూము చక్రం తిరుగుతుందో లేదో ఇంజినీరు దగ్గరుండగా, వానలు లేనప్పుడు చూడండి. ఏళ్ల తరబడి తిప్పనిదాన్ని మీరే బలవంతం చేయొద్దు. తెరుచుకుని మళ్లీ మూసుకోకపోతే కొత్త తిప్పలు. అలుగు నోట్లో దుంగలు, ఆకుచెత్త తీసేయండి. తూము గొట్టం బయటికొచ్చే చోట గాజు సీసాలో నీరు పట్టండి. కట్టన్నాక కాస్త ఊట ఉంటుంది. తేటగా, ఎప్పుడూ ఒకే మాదిరిగా వస్తుంటే రాసిపెట్టుకుంటే చాలు. సీసా అడుగున మట్టి పేరుకుంటే, లేదా మొన్నటికంటే ధార లావైతే అదే రోజు ఫోన్ చేయాలి. ఎవరికి చేయాలో, కింద ఏయే ఇళ్లవాళ్లను లేపాలో కాగితం మీద ముందే రాసి ఉండాలి. మరమ్మతుకు డబ్బు కూడే వరకు నీటిమట్టం కొన్ని అడుగులు దించి ఉంచండి. అలా దించితే ఒత్తిడీ తగ్గుతుంది, వానకు చోటూ ఉంటుంది. అంతకీ కుదరకపోతే అనుమతి తీసుకుని, పద్ధతిగా కట్టను తెరిచేసి వాగును వాగులా పోనివ్వడమే. ధర పడుతుంది, ఒప్పుకుంటాను. ఆ ధరలో కొంత భాగం ఇన్నేళ్లూ కింది ఇళ్ల వాళ్లు తెలియకుండా మీకిచ్చిన అప్పే.

అల్లుడు: నీటిమట్టం దించడానికి నేను ఒప్పిస్తాను. సీసా సంగతీ చూస్తాను. చెట్ల విషయం మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. వాలు మీదివి పోనీ. కింద కట్ట పాదం అవతల ఒక వరస ఉంది, వాటినైనా వదిలేయరా?

మామయ్య: పాదం నుంచి కనీసం పాతిక అడుగుల అవతల ఉంటే సాధారణంగా వాటి జోలికి పోరు. టేపు పట్టుకెళ్లి కొలవండి. కొలిచేటప్పుడు కాళ్ల కింద నేల కూడా చూసుకోండి. వారం రోజులుగా వాన లేకపోయినా, చుట్టూ గడ్డి ఎండిపోయినా, ఒక్కచోట మాత్రం మెత్తగా దిగబడుతూ పచ్చగా తుంగ మొలిచి ఉంటే అక్కడొక కర్ర పాతి, తేదీ రాసి, ఫొటో తీసి ఇంజినీరుకు పంపండి. వచ్చే వారం మళ్లీ ఆ కర్ర దగ్గరికే వెళ్లండి.